ఎవరికీ బాకీ లేని ఐసిల్డా గ్రానీ

ఆదివారం చర్చి ముగియగానే గ్రానీ ఐసిల్డా బ్లాగ్రోవ్ ఒక ఇల్లు చూడ్డానికి బయల్దేరింది. తలమీద ఊదారంగు టోపీ, టోపీకి రెండు ఈకలు, చంకలో బైబిలు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఉత్తరపు పేటలో ఆ టోపీని ఎరగని జమైకా మనిషి లేడు. చర్చిలో ఆమె వెనక కూర్చున్నవాళ్ళు పాస్టరుగారిని వినడమే గాని చూసిన పాపాన పోలేదు.

అమ్మకానికి పెట్టిన ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో ఏజెంటు నిలబడి ఉన్నాడు. ముఖం చూసుకోవచ్చుననిపించే బూట్లు వేసుకున్నాడు.

"రండి మేడమ్. మీకు ప్రీ అప్రూవల్ అయిందా?"

"అంటే ఏంటి నాయనా?"

"బ్యాంకు మీకు ఎంతవరకు అప్పిస్తుందో ముందే రాసిచ్చే కాయితం. అది ఉన్నవాళ్ళకే ఇల్లు చూపిస్తాం. ఇంటివాళ్ళ షరతు."

"దేవుడు కూడా ముందు లోపలికి రానిచ్చి, ఆ తర్వాతే లెక్కలడుగుతాడు. ఇంటివాళ్ళు ఆయనకంటే పెద్దవాళ్ళా?"

"నా చేతిలో ఏమీ లేదు మేడమ్."

"మరి తలుపెందుకు తీసిపెట్టావు? గాలికా?"

ఈ మాట పూర్తయ్యేసరికి ఆమె లోపలే ఉంది. పొయ్యి తలుపు తెరిచింది. కుళాయిలన్నీ తిప్పింది. మరుగుదొడ్డిలో నీళ్ళు వదిలి, అవి పోయే చప్పుడు చెవి ఒగ్గి వింది. వెనక పెరట్లోకి దిగి, చర్చి బట్టల్లోనే వంగి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసింది. ఏజెంటు ఆమె వెనకే తిరుగుతూ ఆమె తిప్పిన కుళాయిలు కట్టేసుకుంటూ వచ్చాడు.

"ఇల్లు బాగుంది. మట్టి ఇంకా బాగుంది," అంది బయటికొస్తూ. "నువ్వే బాలేవు. కాయితం తెస్తాను."

మట్టి కోసం అంత ఆరాటం ఎందుకంటే, గ్రానీ మొక్కలు అప్పటికి స్నానాలతొట్టిలో ఉన్నాయి. ఆమె అద్దెకుండే మూడంతస్తుల ఇంటిని ఏదో కంపెనీ కొనేసింది. కొన్న నెలకే వెనక వరండాలో కుండీలుండకూడదని నోటీసు అంటించింది. ఆ కుండీల్లో ఉన్నవి మామూలు పూలమొక్కలా? కల్లలూ అనే ఆకుకూర, థైము అనే వాసనాకు, తాకితే కళ్ళు మండే గుండు మిరప. పారెయ్యమంటే గ్రానీ వాటిని మోసుకెళ్ళి తొట్టిలో పెట్టింది. సెలవులకు వచ్చిన మనవలు స్నానం చెయ్యాలంటే మిరపచెట్లను బతిమాలుకోవాలి. ఒక మనవడికి ఆ మిరపకాయ ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలి పేటంతా వినబడేలా అరిచాడు. గ్రానీ పెరుగు పూసి, "నా సొంత నేల వచ్చేదాకా ఓర్చుకో," అంది. వాడు ఓర్చుకోలేదు, కాని ఆమె మాత్రం ఆ రోజే ఒట్టేసుకుంది. ఇకమీదట తన మొక్క ఎక్కడుండాలో ఇంకొకడు చెప్పకూడదు.

గ్రానీ వయసు అరవై రెండు. ఈ సంగతి బ్యాంకుకు తెలుసు, చర్చికి తెలియదు. జమైకాలోని క్లారెండన్ నుంచి పడుచుగా వచ్చి, వృద్ధాశ్రమంలో ఆయాగా చేరింది. తనకంటే చిన్నవాళ్ళకు కూడా ఇప్పుడు స్నానాలు చేయించి, ముద్దలు కలిపి తినిపిస్తోంది. వాళ్ళను "ముసలాళ్ళు" అని తిడుతుంది కూడా.

ఆమెకు ఒకటే గర్వం. ఎవరికీ పైసా బాకీ లేదు. దాని వెనక ఒక ఎర్రకారు కథ ఉంది. ఆమె మొగుడు, తాత విల్బర్ట్, ఆ కారును వాయిదాల మీద కొన్నాడు. కొన్నాక వాయిదాల సంగతి మర్చిపోయాడు. ఒక ఆదివారం పాస్టరుగారు నరకం గురించి మంచి ఊపులో ఉండగా, బయట గొలుసుల చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే కొక్కెం బండి ఒకటి ఎర్రకారును ముందుకాళ్ళు పైకెత్తి లాక్కుపోతోంది. పాస్టరుగారు ఆగారు. గాయకులు ఆగారు. విల్బర్ట్ పాటలపుస్తకం వెతికే నెపంతో బల్ల కిందికి దూరాడు. గ్రానీ ఒక్కతే తలెత్తుకుని కూర్చుని, మిగిలిన పాటంతా ఒంటరిగా పాడింది. తర్వాత వానలో ఎత్తుమడమల చెప్పులతో ఇంటికి నడిచింది. ఇంటికి రాగానే చేప రెక్కలు కోసే కత్తెరతో విల్బర్ట్ క్రెడిట్ కార్డును ముక్కలు చేసింది. అప్పటినుంచి అన్నీ నగదే. విల్బర్ట్ పోయినప్పుడు శవపేటిక కూడా రొక్కమిచ్చే కొంది, అదీ బేరమాడి.

అందుకే కాయితం కోసం పెద్ద బ్యాంకుకు వెళ్ళినప్పుడు, బహుమతి అందుకోవడానికి వెళ్ళినట్టే వెళ్ళింది. బ్యాంకు మనిషి కంప్యూటరులో ఏదో కొట్టి, ఆగి, మళ్ళీ కొట్టాడు.

"మీరు కనబడ్డం లేదండీ."

గ్రానీ తన ఒళ్ళు ఒకసారి చూసుకుంది. ఆ ఒళ్ళు కనబడదనడం పచ్చి అబద్ధం.

"అంటే మీకు క్రెడిట్ స్కోరు లేదు. కార్డులు, కారు లోను, ఏమీ లేవు."

"లేవు. ఎవరికీ బాకీ లేను."

"అదేనండీ సమస్య. తిరిగి కడతారో లేదో మాకెలా తెలుస్తుంది? ఒక కార్డు తీసుకోండి. చిన్నచిన్నవి కొంటూ, కడుతూ ఉండండి. ఏడాదో రెండేళ్ళో పోయాక రండి." గొంతు తగ్గించి, "అయినా ఇది ముప్పై ఏళ్ళ అప్పు. ఈ వయసులో..." అన్నాడు.

"ముప్పై ఏళ్ళకు నాకు తొంభై రెండు. మా అమ్మ తొంభై ఏడు బతికింది, అదీ కోపంతో. నువ్వు ఈ కుర్చీలో ముప్పై ఏళ్ళుంటావా చెప్పు?"

"నా ఉద్దేశం అది కాదండీ..."

"అప్పు చేయడం నేర్చుకుని రమ్మంటున్నావు. తాగనివాణ్ణి పట్టుకుని, ముందు తాగుడు నేర్చుకో, మానగలవో లేదో చూస్తాం అన్నట్టుంది. నేను నేర్చుకోను. నువ్వే నన్ను చూడ్డం నేర్చుకో." గ్రానీ టోపీ సర్దుకుని లేచింది. బయట బస్సు కోసం నిలబడ్డాక, రెండు బస్సులు ముందునుంచి పోయినా చూడలేదట. ఆ ముక్క మాత్రం ఆమె వాల్డాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాల్డా చెప్పింది.

వాల్డా అంటే గ్రానీకి ప్రాణ స్నేహితురాలు, అంటే వారానికి రెండుసార్లైనా పోట్లాడుకునే మనిషి. పేటలో పార్డ్నర్ నడిపేది ఆమే. పార్డ్నర్ అంటే చీటీయే, కాని పాట ఉండదు, వరస ఉంటుంది. పాతికమందికి పైగా పక్షానికొకసారి తలా ఇంత తెచ్చి వాల్డాకిస్తారు. ఆ మొత్తం వరస వచ్చిన ఒకరికి వెళుతుంది. దాన్ని "చెయ్యి అందుకోవడం" అంటారు. రసీదుండదు, సంతకముండదు. డబ్బు అందుకున్నవాళ్ళు అక్కడే లెక్కపెట్టి చూడ్డం కూడా తప్పే. కాయితం అడిగితే, నువ్వు దొంగవని మొహం మీద అన్నట్టు.

"పెద్ద బ్యాంకెందుకే నీకు?" అంది వాల్డా. "ఆల్బనీ రోడ్డు చివర పరపతి సంఘం ఉంది. అక్కడ మారిసోల్ అని పోర్టోరికో పిల్ల ఉంది. స్కోరు లేకపోతే అద్దె, కరెంటు, ఫోను ఎలా కట్టావో చూసి, మనిషిని చేత్తో తూస్తుంది. కంప్యూటరుతో కాదు."

గ్రానీ ముఖం వెలిగింది. అక్కడితో ఆగితే బాగుండేది. కాని ఆమెకు ఎక్కడికి వెళ్ళినా నిండుగా వెళ్ళాలని పిచ్చి. ఖాళీ గిన్నెతో పొరుగింటి గడప తొక్కదు, బోడితలతో చర్చికి వెళ్ళదు. మరి బక్కచిక్కిన ఖాతాతో పరపతి సంఘానికి ఎలా వెళుతుంది? ఏళ్ళ తరబడి కూడబెట్టింది ఉంది, కాని అది ఆమె కంటికి ఆనలేదు. ఎప్పుడూ చివరి చెయ్యి అందుకునే గ్రానీ, ఈసారి వాల్డాను బతిమాలి ముందు వరసకు జరిగింది. పదమూడు వేల డాలర్ల నోట్లకట్ట తెచ్చి, మారిసోల్‌ను కలిసే ముందురోజు ఖాతాలో వేసింది. పెళ్ళికి వెళుతూ ఇరుగుపొరుగు నగలు పెట్టుకున్నట్టు.

మారిసోల్ అద్దె చెక్కులు చూసింది, మెచ్చుకుంది. కరెంటు బిల్లులు చూసింది, ఇంకా మెచ్చుకుంది. ఖాతా వివరాలు చూసి కళ్ళజోడు పైకి జరుపుకుంది.

"మిస్ ఐసిల్డా, నిన్న పడిన ఈ పదమూడు వేలు ఎక్కడివండీ?"

"నావే. నా వరస చివరిది, ఈసారి ముందే పార్డ్నర్‌లో చెయ్యి అందుకున్నా."

"దానికి కాయితం ఏదైనా..."

"అమ్మాయ్, పార్డ్నర్‌కు కాయితమేంటి? మీ అమ్మ నీకు అన్నం పెట్టి రసీదు ఇచ్చిందా?"

మారిసోల్ నవ్వింది. మా అమ్మా ఇలాంటిది ఆడేదంది. కాని పెన్ను కింద పెట్టలేదు. "ఒకేసారి ఇంత నగదు పడితే, ఎక్కడినుంచి వచ్చిందో రుజువు కావాలండీ. నడిపే ఆమె, వేసేవాళ్ళు ఉత్తరాలు రాసి సంతకాలు పెట్టాలి. ఇంకొక్క మాట. మీ వరస చివరిది అన్నారు, ముందే తీసుకున్నారు. అంటే మిగతా వాళ్ళకు మీరింకా కట్టాలి కదా?"

"కడతాను. ఏనాడూ తప్పలేదు."

"అలాగైతే ఇది మీ సొమ్ము కాదండీ, అప్పు. మీ బాకీల్లో రాయాలి."

పెద్ద బ్యాంకువాడు కనబడ్డం లేదన్నప్పుడు కూడా గ్రానీకి అంత దెబ్బ తగల్లేదు. వాడితో వాదించింది. ఈ పిల్ల ముందు కాయితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఎందుకంటే పిల్ల చెప్పింది నిజం. ఎర్రకారు పోయిననాటినుంచి ఎవరికీ బాకీ లేని ఐసిల్డా, బాకీ లేనని రాయించుకోవడానికి బాకీపడింది.

ఆ సాయంత్రమే వాల్డా వంటింట్లో యుద్ధం జరిగింది. పెనంలో పిండిముద్దలు వేగుతుంటే వాల్డా అట్లకాడ ఎత్తి పట్టుకుని ఉంది.

"సంతకమా? నా సంతకమా? నీ డబ్బు ఇన్నేళ్ళు నా గుండెల మీద దాచాను, ఐసీ! నిజంగానే ఇక్కడ, రవికలో దాచాను! ఇప్పుడు బ్యాంకుకు రుజువు కావాలా?"

"నేనడగలేదే. ఆ పిల్ల అడిగింది."

"అందరి పేర్లూ బ్యాంకుకిస్తే రేపు నా గడప ఎవరు తొక్కుతారు? సగంమంది మొగుళ్ళకు తెలియకుండా వేస్తున్నారు. పాన్సీ మొగుడికి తెలిస్తే పాన్సీ ఉంటుందా?"

"పాన్సీ ఉంటుంది. మొగుడే ఉండడు."

వాల్డా నవ్వకుండా పళ్ళు బిగించింది. ఆమె మేనకోడలు షెర్నెట్ బల్ల దగ్గర గోళ్ళకు రంగు వేసుకుంటోంది. "దీనికింత గొడవెందుకు ఐసీ ఆంటీ?" అంది. "మీ అమ్మాయి చేత ఆ డబ్బు బహుమతిగా ఇచ్చినట్టు రాయించండి. నా స్నేహితులు చాలామంది అలానే చేశారు. ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు," అంది గ్రానీ. "నమ్మదగ్గ మనిషినని ఒక కాయితం కావాలి నాకు. దాని కోసం ముందు ఒక అబద్ధం మీద సంతకం పెట్టాలి. బాగుంది బేరం. నీ గోళ్ళు ఆరాయా? అయితే ఇంటికెళ్ళు."

వాల్డా వైపు తిరిగింది. "ఎవరి పేరూ ఇవ్వక్కర్లేదు. ఈ చెయ్యి వెనక్కి తీసుకో. నా చివరి వరస నాకిచ్చెయ్యి."

ఈసారి వాల్డా నిజంగా భయపడింది. అట్లకాడ దించింది. "అందుకున్న చెయ్యి ఎవరైనా తిరిగిస్తారటే? ఐసిల్డాయే వెనక్కి ఇచ్చేసిందంటే, వాల్డా పార్డ్నర్ మునిగిపోతోందనుకుంటారు. రేపు పొద్దుటికి అందరూ నా తలుపు విరగ్గొడతారు."

"గుట్టుగా ఇస్తే అనుకుంటారు. నేను ఏదైనా గుట్టుగా చేస్తానా?"

వాల్డా ఆలోచించింది. ఆ మాట కాదనడానికి ఆమెకు ఒక్క ఉదాహరణ కూడా దొరకలేదు.

డబ్బు కట్టే శుక్రవారం వచ్చింది. ఆ రోజు వాల్డా ఇంట్లో అందరూ వచ్చి కట్టి, అల్లం టీ తాగి, బన్నూ చీజూ తిని, అక్కడ లేనివాళ్ళ మీద చాడీలు చెప్పుకుని వెళతారు. గది నిండాక గ్రానీ లేచి నిలబడింది. చర్చి టోపీతోనే వచ్చింది. నోట్లకట్ట బల్లమీద పెట్టింది. గదిలో నములుతున్న దవడలన్నీ ఆగాయి.

"కంగారు పడకండి. వాల్డా కొంప మునగలేదు. మునిగింది నా పరువు," అంది. "ఇల్లు కొనడానికి బ్యాంకు కాయితం కోసం వెళ్ళాను. గొప్పకు పోయి నాది కాని వరసలో చెయ్యి అందుకున్నాను. నువ్వు మిగతావాళ్ళకు బాకీ అంది అక్కడి పిల్ల. నిజమే అంది. మీరు అప్పిచ్చినవాళ్ళు, నేను అప్పుపడ్డదాన్ని. నాకు నచ్చలేదు. నా చివరి వరస నాకు కావాలి. ఈ చెయ్యి ఎవరికి కావాలో మార్చుకోండి."

పాన్సీ వాల్డా ముఖం చూసింది. వాల్డా ముఖంలో చెమట. అప్పుడు మూలనున్న ఫెర్లిన్, బడి బస్సులు బాగుచేసే మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"మిస్ ఐసీ, చివరికి ముందుది నా వరస. నా ఇంటికప్పు కారుతోంది. నాకిస్తే..."

"కప్పా? నా పళ్ళు చూడు!" అంది పాన్సీ నోరు తెరిచి. "కప్పు కిందైనా గిన్నె పెట్టుకోవచ్చు. పళ్ళ కింద ఏం పెట్టుకోను?"

"నీ పళ్ళు బాగైతే ఇంకా ఎక్కువ మాట్లాడతావు. వద్దు, ఫెర్లిన్‌కే ఇవ్వండి," అన్నారెవరో.

ఇక గదిలో తిరునాళ్ళే. చీటీ మునుగుతోందన్న అనుమానం ఎవరికైనా వచ్చి ఉంటే, ఆ గోలలో దానికి కూర్చోవడానికి చోటు దొరకలేదు. కట్ట చివరికి ఫెర్లిన్‌కు వెళ్ళింది. అందరూ వెళ్ళాక వాల్డా కప్పులు కడుగుతూ, గ్రానీ వైపు చూడకుండా అంది, "నీ కాయితం రాకపోతే?"

"రాకపోతే తొట్టిలోనే మిరపకాయలు కోస్తాను. కాని ఎవడి దగ్గరా తల వంచను."

"తలొంచితే ఆ టోపీ పడిపోతుంది, అందుకే," అంది వాల్డా. అంటే యుద్ధం ముగిసిందన్నమాట.

మారిసోల్ ఒక వివరణ రాసిమ్మంది. డబ్బు ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది. గ్రానీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం చెక్కింది. "అది నా చీటీ డబ్బు. నా వరస రాకముందే తీసుకున్నాను. అది అప్పవుతుందని మీరన్నారు. తిరిగిచ్చేశాను. ఇప్పుడు ఖాతాలో ఉన్నది తక్కువే గాని అంతా నాదే. ఐసిల్డా బ్లాగ్రోవ్." దాన్ని సరిదిద్దుతామని మనవలు ముందుకొస్తే, అట్లకాడ చూపించింది.

కొత్తనెల ఖాతా వివరాలు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ నెలంతా గ్రానీ కోపంతో ఇల్లు తుడిచింది. గచ్చు అరిగిపోతుందేమో, కంపెనీవాడు దానికీ నోటీసు అంటిస్తాడేమో అనిపించింది. మధ్యలో షెర్నెట్ వచ్చి, ఒక్క కార్డు తీసుకుంటే పీడా పోయేది కదా అంది. ఆ పూట షెర్నెట్‌కు టీ దొరకలేదు.

తర్వాత మారిసోల్ ఫోను చేసి రమ్మంది. గ్రానీ వెళ్ళి, కుర్చీ అంచున కూర్చుంది. నిండుగా కూర్చోవడానికి ధైర్యం చాలలేదు.

"మీ ఉత్తరం మా పైవాళ్ళు చదివారు," అంది మారిసోల్. "ఒకాయన రెండుసార్లు చదివాడు. అద్దె ఒక్క నెల కూడా తప్పలేదు, బాకీ ఒక్కటీ లేదు. ఇదిగోండి." కాయితం బల్లమీదుగా జరిపింది. రెండు లక్షల నలభై వేల డాలర్ల వరకు, అని ఉంది.

గ్రానీ దాన్ని చదివింది. కళ్ళు తుడుచుకోలేదు, కళ్ళజోడు తుడుచుకుంది. కాస్త వెనక్కి జరిగి, కుర్చీ నిండా కూర్చుంది. మళ్ళీ చదివింది. ముఖం మారింది.

"అమ్మాయ్, దీన్ని అమ్మేవాడు చూస్తాడా?"

"చూస్తాడండీ. ఇల్లు అడిగేటప్పుడు దీన్ని జతచేస్తాం."

"అంటే నేను ఎంతదాకా ఇవ్వగలనో వాడికి ముందే చెప్పేసి, ఆ తర్వాత బేరమాడమంటావా? మా అమ్మ జమైకాలో మే పెన్ ఊరి సంతలో గెణుసుగడ్డలమ్మేది. కొనేవాడి దగ్గర ఎంతుందో తెలిస్తే, ధర అక్కడినుంచే మొదలుపెట్టేది. తల్లీ, దీన్ని తగ్గించి రాయొచ్చా?"

మారిసోల్ ఆమె వంక చూసింది. "రాయొచ్చండీ. మీరు అడిగే ఇంటికి ఎంత కావాలో అంతకే రాసిస్తాం. కాని ఎవరూ తగ్గించమనరు. పెద్ద అంకె చూసుకుని ఫోటో తీసుకుంటారు."

"లక్షా తొంభై వేలు రాయి."

"ఆ ధరకు ఇక్కడ దొరకడం కష్టం మిస్ ఐసిల్డా."

"కష్టమని వాణ్ణి చెప్పనీ. వాడి మాట నీ నోట్లోంచి ఎందుకు రావాలి?"

మారిసోల్ కంప్యూటరు వైపు తిరిగింది. అంకె మార్చి, అచ్చుకు పంపబోతుంటే గ్రానీ బల్లమీద వేలితో కొట్టింది.

"ఆగు. ఇంకో ఐదు వేలు తగ్గించు."